నాలుగు చక్రాలూ తిరగాలి

బొడ్డగొంది,
మార్చి 28.

బావా కొండలరావూ,

వందనాలు. ఇక్కడ నేనూ, మీ చెల్లెమ్మ ఆశాజ్యోతీ, పదకొండు కోళ్ళూ క్షేమం. నువ్వూ తాయారు చెల్లెమ్మా అలాగే ఉన్నారని తలుస్తాను.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటా అనుకుంటావు. ఈ కొండమీద సిగ్నల్ దొరకాలంటే నీళ్ళ ట్యాంకు ఎక్కాలి. అక్కడెక్కి అరిస్తే ఊరంతా వింటుంది. ఊరంతా వింటే మీ చెల్లెమ్మ వింటుంది. ఆవిడ వినకూడని సంగతి ఇది. అందుకే జవాబు కూడా ఇంటికి రాయకు, ఇక్కడి స్కూలు అడ్రసుకి రాయి.

నేను బండి కొనబోతున్నాను. నవ్వకు. ఆశాజ్యోతి ఇక్కడ నర్సుగా తొమ్మిది ఊళ్ళు తిరుగుతుందని నీకు తెలుసు. టీకాల డబ్బా భుజాన వేసుకుని నడిచే వెళ్తుంది. మధ్యలో ఒక గెడ్డ, కొండవాగు ఉంది. ఎండాకాలం కోడిపిల్లలు కూడా దాటేస్తాయి, వానలు పడితే మాత్రం జీపువాళ్ళు అవతలి ఒడ్డునే దండం పెట్టి వెనక్కి తిరిగిపోతారు. బురద, రాళ్ళు, ఆ పైన నిలువు ఎక్కుడు. అక్కడ ముందు చక్రాలు రెండే తిరిగే బండి పనికిరాదు. నాలుగు చక్రాలూ తిరగాలి. రిటైరయ్యాక ఖాళీగానే ఉన్నాను కదా, మా ఆవిడకి డ్రైవరుగా చేరదామని నా ఆశ. రిటైరవడానికి ఆవిడకింకా మూడేళ్ళుంది. జూన్ నెలాఖరుకి బండి ఇక్కడుండాలి, లేకపోతే ఈ ఏడు కూడా నడకే.

జాలరిపేటలో నూకాలు అనే ఆవిడ దగ్గర అలాంటి బండి ఒకటి అమ్మకానికుందని మా పాస్టరుగారి తమ్ముడు చెప్పాడు. ఏడు సీట్ల ఫారిన్ కంపెనీ బండి, ఆల్ వీల్ డ్రైవ్. నువ్వు వెళ్ళి చూడాలి. నేను రాలేను. కోళ్ళని వదిలి వచ్చే వీలు లేదు.

ఎవర్నో ఎందుకు, నిన్నే ఎందుకు అడుగుతున్నానంటావా? స్టీల్ ప్లాంటులో నేను వెల్డింగు చేసిన మెట్ల రెయిలింగుని మూడుసార్లు తిప్పికొట్టిన ఇన్‌స్పెక్టరువి నువ్వు. అప్పుడు నిన్ను చంపేద్దామనుకున్నాను. ముప్పైమూడేళ్ళయింది, ఆ రెయిలింగు ఇంకా నిలబడి ఉంది. నువ్వు బాగుందంటే కళ్ళు మూసుకుని కొంటాను.

నీ
విజయరత్నం


పెందుర్తి,
ఏప్రిల్ 8.

బావా రత్నం,

ఇక్కడ మేమిద్దరం క్షేమం. నా మోకాళ్ళని లెక్కలోకి తీసుకోవద్దు.

నీ ఉత్తరం చూసి నాలుగేళ్ళ తర్వాత మొదటిసారి నా పనిముట్ల పెట్టె తెరిచాను. ఒక్కమాట దాచకుండా చెప్తున్నాను, రిటైరయ్యాక నన్ను ఎవరూ ఏదీ చూసిపెట్టమని అడగలేదు. ఇంట్లో అయితే వంకాయలు కూడా ఏరనివ్వదు తాయారు. ఈమధ్య నేను తెచ్చిన వాటిల్లో పుచ్చులుంటున్నాయని అపనింద వేసింది. వైర్ రాడ్ మిల్లులో వెంట్రుకంత పగులు పట్టుకున్నవాణ్ణి, నాకు పుచ్చు కనపడదా?

ఆదివారం జాలరిపేట వెళ్ళాం. తాయారు కూడా చేపల వంకన వచ్చింది. నూకాలుగారిది చేపల టోకు వ్యాపారం. యాభై ఏళ్ళుంటాయి, గొంతు మాత్రం సముద్రానికి కూడా వినపడుతుంది. పోర్టులో పనిచేసిన ఆఫీసరొకాయన బదిలీ మీద వెళ్తూ ఈ బండి ఆవిడకి అమ్మాడట. నేను బండి చుట్టూ సుత్తితో తట్టుకుంటూ, చెవి ఆనించి వింటూ తిరుగుతుంటే కాసేపు చూసి అంది కదా:

"ఏటి బాబూ, బండి కొనడానికొచ్చినావా, పిల్లని సూసుకోడానికొచ్చినావా? పాట కూడా పాడమంతావేటి?"

నేను పట్టించుకోలేదు. రిపోర్టు ఇది. వయసు పదకొండేళ్ళు. తిరిగింది లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు. రంగు బూడిద, ఆవిడ మాత్రం ముద్దుగా 'నా నీలాల బండి' అంటుంది, అమ్మేవాళ్ళ మాటలు అలాగే ఉంటాయి. ఏసీ పనిచేస్తుంది. వాసన చేప. ఆ వాసన పోదు, నువ్వే అలవాటు పడాలి. సముద్రపు గాలికి కింద తుప్పు పట్టిందా లేదా చూడాలి. మొత్తం నలభై ఒక్క అంశాలు రాసుకున్నాను, పద్దెనిమిది పూర్తయ్యాయి.

పూర్తికాని చోటల్లా మన ప్లాంటు పద్ధతిలో పసుపు పెయింటు గీత పెట్టి నా పొడి సంతకం చేశాను. ఆకుపచ్చ అయితే పాసు, ఎరుపయితే తుక్కు, పసుపయితే హోల్డ్, తేలేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. నీకు చెప్పాలా? మొత్తం ఇరవైమూడు గీతలు. అది కిరసనాయిలుతో కూడా పోదని తెలిశాక నూకాలుగారు నన్ను అన్న మాటలు స్కూలు అడ్రసుకి రాయదగినవి కావు.

నీ
కొండలరావు


బొడ్డగొంది,
ఏప్రిల్ 19.

బావా,

నీ రిపోర్టు రెండుసార్లు చదివాను. వాసన కూడా వచ్చింది. ఏసీ సంగతి ఎందుకు బావా, ఇక్కడ మే నెలలో కూడా దుప్పటి కప్పుకుంటాం.

నాకు కావలసింది ఒక్కటే. నాలుగు చక్రాలూ తిరుగుతాయా?

నీ
రత్నం


పెందుర్తి,
మే 5.

బావా,

రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టుంది నీ ఉత్తరం. ఆల్ వీల్ డ్రైవ్ బండికి నాలుగు చక్రాలూ తిరక్క ఏం చేస్తాయి? వెనక ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసే ఉంది, నేను చేత్తో తడిమి మరీ చదివాను. పద్ధతి ప్రకారం వెళ్ళనీ. తొందరపడే మేస్త్రీకి రెండుసార్లు పని.

ఈ నెల రోజుల్లో మూడు ఆదివారాలు బండి తోలించి చూశాం. నూకాలుగారి అల్లుడు బాబీ నడుపుతాడు, నేను పక్కన కూర్చుని వింటాను, తాయారు వెనక సీట్లో. ఒకసారి భీమిలి, ఒకసారి తగరపువలస సంత, ఒకసారి ఊరికే. తాయారు మధ్య సీటు, వెనక సీటు, కిటికీ పక్క సీటు అన్నీ మార్చి మార్చి పరీక్షించింది. తగరపువలసలో రెండు కిలోల మామిడికాయలు కూడా పరీక్షించింది. బండి సీట్లు బాగున్నాయని ఆవిడ అభిప్రాయం. దీన్ని రిపోర్టులో చేర్చాను.

నా చెవి ఇంకా పదునుగానే ఉంది. కుడివైపు ముందు చక్రంలో బేరింగు అరిగిందని చప్పుడు విని చెప్పాను. బాబీ నమ్మలేదు. విప్పి చూస్తే అరిగే ఉంది. "తాతా, నీకు సెవులా, యంత్రాలా?" అన్నాడు. తాతా అన్నందుకు కోపం వచ్చింది కాని మిగతాది బాగుంది.

ఇంకో సంగతి. మామూలుగా ఇలాంటి పాత బళ్ళలో వెనక ఇరుసు దగ్గర గర్రుమని మోత వస్తుంది. దీనికి చప్పుడనేదే లేదు. ఇంత నిశ్శబ్దమైన వెనక భాగం నేనెన్నడూ వినలేదు. ఆ పోర్టు ఆఫీసరెవరో బండిని పువ్వుల్లో పెట్టి చూసుకున్నాడు. అక్కడ నా అంతట నేనే ఆకుపచ్చ గీత పెట్టేశాను.

బండి కిందకి దూరి తుప్పు కూడా చూశాను, నలభై అంశాలు పూర్తి. వచ్చే ఆదివారం ఇసకలో నడిపించి చూస్తాం. కొండమీదకి పంపే బండిని బీచ్ రోడ్డు మీద తిప్పితే ఏం తెలుస్తుందని తాయారు అంది. అక్కర్లేని పరీక్షే. ఆడవాళ్ళ మాట కాదనడం ఎందుకని ఒప్పుకున్నాను.

నీ
కొండలరావు


పెందుర్తి,
మే 13.

బావా,

ఇసక పరీక్షలో ఒక చిన్న ఆటంకం వచ్చింది. బండి ప్రస్తుతం హోల్డ్‌లో ఉంది. వివరాలు తర్వాత.

ఇక్కడ ఎండలు బాగా ముదిరాయి. మామిడికాయలు ఊరగాయ పెట్టాం.

నీ
కొండలరావు


పెందుర్తి,
మే 14.

అన్నయ్యగారికి,

తాయారు నమస్కరించి రాయునది. నేను మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఆయన బయట గది తలుపు వేసుకుని పడుకున్నారు, అందుకని రాస్తున్నాను. దీన్ని చదివి చింపెయ్యండి.

నిన్న ఆయన మీకు 'చిన్న ఆటంకం' అని రాసి ఉంటారు. జరిగింది చెప్తాను. జాలరిపేట ఇసకలో బండి పది గజాలు వెళ్ళి కూరుకుపోయింది. బాబీ యాక్సిలరేటరు తొక్కుతుంటే ముందు చక్రాలు గిర్రున తిరిగి ఇసకంతా నా చీర మీదకి కొట్టాయి. వెనక చక్రాలు మాత్రం కదలకుండా అలాగే నిలబడ్డాయి. "వెనకవి తిరగడం లేదండీ" అన్నాను. "తిరుగుతున్నాయి, నీకు కనపడటం లేదు" అన్నారాయన.

అన్నయ్యా, కనపడనిది నాకు కాదు. ఆయనకి.

రెండేళ్ళయింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. అద్దాలు మారిస్తే సరిపోతుందని మూడు జతలు మార్చారు. ఒక్కసారి బలవంతాన కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆ డాక్టరుగారి మిషను ఎప్పుడు క్యాలిబ్రేషను చేయించారో సర్టిఫికెట్ చూపించమని పోట్లాడి లేచి వచ్చేశారు. అదంతా భయమే. ఏ జేబులో ఏ రంగు పెయింటు ఉందో గుర్తుపెట్టుకుని గీతలు పెడుతున్నారు. బండి కిందకి దూరి చూశానని రాశారు కదా, దూరిన మాట నిజమే. చేతికి అందినంత తడిమి వచ్చేశారు. ఆ బండి బూడిద రంగని రాశారు. బండి నీలం రంగు అన్నయ్యా, లేత నీలం, ఎంత బాగుంటుందో. ఆయన రాస్తుంటే పక్కనే ఉన్నాను. దిద్దడానికి నోరు రాలేదు. నాలుగేళ్ళ తర్వాత ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని జేబులో పెన్ను పెట్టుకుని బయల్దేరిన రోజది. మీ బండి మీదకి వస్తుందని తెలిసీ ఊరుకున్నాను. ఆ తప్పు నాది, మన్నించండి.

మొన్న బండిని ఎలా తీశారంటే, పడవలు లాగే మోకు కట్టి ఇరవైమంది లాగారు. నూకాలుగారు ఒడ్డున నుంచుని పాట అందుకున్నారు. ఆయన ఆ జనం మధ్యలో తలొంచుకుని నిలబడ్డారు. అప్పట్నించీ అన్నం సరిగా తినడం లేదు.

ఇంకొకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. కోళ్ళ కోసం మగవాడు నెలల తరబడి కొండ దిగకపోవడం ఏమిటన్నయ్యా? తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది. వదినకి ఒంట్లో బాగుందా?

చెల్లెలు
తాయారు


బొడ్డగొంది,
మే 26.

బావా కొండలరావూ,

నీ చిన్న ఉత్తరం అందింది. ఆటంకం గురించి నేనడగను. ముందు నేను నీకు చెప్పవలసింది ఒకటుంది. నీకు రెండు నెలలుగా అబద్ధం రాస్తున్నాను. ఆదివారం ప్రార్థనలో కూర్చున్నా అదే గుచ్చుకుంటోంది.

కోళ్ళకి నా అవసరమేమీ లేదు. అవి నన్ను గుర్తుపట్టవు కూడా.

కిందటి అక్టోబరులో ఆశాజ్యోతి ఆ గెడ్డలో జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించాం, ఎముక వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో ఇప్పుడు నీళ్ళ చెంబు కూడా ఎత్తలేదు. టీకాల డబ్బా నేనే మోస్తున్నాను. రోజూ ఆవిడ ముందు, నేను వెనక. నేను కొండ దిగితే ఆ రోజు పిల్లలకి టీకాలుండవు. పై ఆఫీసుకి తెలిస్తే కిందకి బదిలీ చేసి కుర్చీలో కూర్చోబెడతారని ఆవిడ ఎవరికీ చెప్పనివ్వదు. ఇక్కడ ఇరవై ఏళ్ళుగా పుట్టిన ప్రతి పిల్లాణ్ణీ పేరు పెట్టి పిలుస్తుంది బావా. "కుర్సీలో కూకోబెడితే మూణ్ణెల్లకి సచ్చిపోతాను" అంటుంది. ఇంకోసారి పడితే కుర్చీ కూడా ఉండదని డాక్టరు చెప్పాడు.

సిగ్గుపడి నీకు రాయలేదు. నా పెళ్ళాం చెయ్యి విరిగితే నేను ఒడ్డున నిలబడి చూశానని ఎలా రాయను? మనిద్దరం మగతనం పేరు చెప్పుకుని దాచుకునేవి దాచుకుంటూ ముసలివాళ్ళమైపోయాం.

నిన్న సాయంత్రం మొదటి వాన పడింది. గెడ్డ ఇంకా మోకాలి లోతే.

బండి మంచిదైతే మంచిదని రాయి. కాకపోతే కాదని రాయి. నువ్వేం రాసినా సరే, అది నువ్వు రాయాలి.

నీ
రత్నం


పెందుర్తి,
జూన్ 6.

బావా,

నీ ఉత్తరాన్ని తాయారు చేత చదివించుకున్నాను. ఎందుకు చదివించుకోవలసి వచ్చిందో ఇప్పుడు రాస్తాను. ఇది కూడా నేను చెప్తుంటే ఆవిడే రాస్తోంది.

నాకు కళ్ళు సరిగ్గా కనపడవు. రెండేళ్ళయింది. ఇరవైమూడు పసుపు గీతలు పెట్టాను కదా, ఇరవైనాలుగోది నా నుదుటి మీద పెట్టుకోవలసింది. (ఈ మాట రాయనని తాయారు మొండికేసింది. రాయించాను.)

నువ్వు రాముడికి సీత ఏమవుతుందని అడిగితే ఎద్దేవా చేశాను. నలభై అంశాలు చూశాను, ఆ ఒక్కటే చూడలేదు. ఇంజను బలాన్ని వెనక చక్రాలకి అందించే పొడుగాటి ఇనప గొట్టం ఉంటుంది కదా, ప్రొపెల్లర్ షాఫ్టు, అది ఆ బండికి లేనే లేదు. విప్పేశారు. అందుకే వెనకనించి చప్పుడు లేదు. లేని షాఫ్టుకి చప్పుడెక్కడిది? దాని నిశ్శబ్దానికి మురిసిపోయి నేను ఆకుపచ్చ గీత పెట్టాను. ముప్పైనాలుగేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారి కూడా లేని వస్తువుని పాసు చెయ్యలేదు.

నీ ఉత్తరం విన్న మర్నాడు పొద్దున్నే తాయారు నన్ను లేవదీసింది. ఇద్దరం జాలరిపేట వెళ్ళాం. నేను ఒకటే అడిగాను, షాఫ్టు ఏమయిందని. నూకాలుగారు నన్ను ఎగాదిగా చూసి,

"బాబీగోడు ఇప్పేసినాడు బాబూ. అదుంటే ఆయిలు తాగేత్తందని ఎవుడో సెప్పినాడంట. నువ్వడగలేదు, నాను సెప్పనేదు. నలబై పెస్నలడిగినావు, సీటు గుడ్డ ఏ ఊరిదని కూడా అడిగినావు. సెక్రాలు తిరుగుతాయా అని అడిగినావేటి?" అంది.

షాఫ్టు ఎక్కడుందని తాయారు అడిగింది. ఇంటి వెనక ఎండుచేపల మీద టార్పాలిను కప్పి, గాలికి ఎగరకుండా దాని మీద బరువు పెట్టారు. ఆ బరువే మన షాఫ్టు. ఏడాదిగా ఎండుచేపలకి కాపలా కాస్తోంది. నేను చేత్తో పొడుగునా తడిమాను, సుత్తితో తట్టి విన్నాను. వంపు లేదు, పగులు లేదు. కీళ్ళు రెండూ మార్చాలి, అంతే.

అయితే బండి ఇంకా ఆవిడ దగ్గరే ఎలా ఉందంటావా? అది చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. నడుమ అర్జునరావు అనే ఆయన నీకంటే ఎక్కువ ధర పెట్టి, బయానా చేత్తో పట్టుకుని వచ్చాడట. ఆయనా మన ప్లాంటువాడే, రోలింగ్ మిల్లు. వంగి తలుపు కింద చూశాడు. పసుపు గీత, పక్కన నా పొడి సంతకం. ఇంకో తలుపు తీశాడు. అక్కడా అదే. "అమ్మో, కొండలరావుగారు హోల్డ్ పెట్టిన బండా? ఆయన తేల్చందే నాకొద్దమ్మా" అని బయానా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నూకాలుగారు ఆ కోపంలో, "పసుపు రాసేసి నా బండికి వొచ్చిన సమ్మందం సెడగొట్టినావు, ఇంక నువ్వే తీసుకుపో" అంది. ఊరు మొత్తం మీద ఆ గీతల భాష తెలిసినవాణ్ణే దేవుడు పంపాడు. నా కళ్ళు నీకు చేసిన అపకారంలో సగం నా పెయింటు తీర్చింది.

షెడ్డులో రెండు రోజులు పెట్టి షాఫ్టు బిగించారు. నేను తడిమాను, తాయారు చూసింది. టార్చి పట్టుకుని బండి కిందకి దూరింది బావా, అరవై ఏళ్ళ మనిషి, చీర కుచ్చెళ్ళు దోపుకుని. "ఇక్కడ నాలుగు బోల్టులుండాలి, మూడే ఉన్నాయి" అని లోపల్నించి అరిచింది. మెకానిక్కు మొహం చూడాలి. అంటే, చూశానని తాయారు చెప్పింది.

నిన్న అదే ఇసకలో, కూరుకుపోయిన అదే చోట దింపాం. పాత గోతిలోకి నేనే దింపమన్నాను. ఈసారి వెనకనించి గర్రుమని మోత వినపడింది. అంత సొంపయిన మోత నేను వినలేదు. తాయారు పక్కనించి, "తిరుగుతున్నాయండీ, వెనకవి కూడా, రెండూ" అంది. బండి గోతిలోంచి ఎక్కి ఒడ్డుకొచ్చేసింది. మోకు తెచ్చి సిద్ధంగా నుంచున్న ఇరవైమందీ నిరాశపడ్డారు.

ఆకుపచ్చ పెయింటు ముప్పైనాలుగేళ్ళు నేను ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. నిన్న తాయారుకి ఇచ్చాను. గీత ఆవిడే పెట్టింది.

పదిహేనో తారీకున బాబీ బండి తీసుకుని కొండెక్కుతాడు. చెల్లెమ్మ పడిందని నాకు చెప్పనందుకు నిన్ను తర్వాత తిడతాను.

నీ
కొండలరావు

అన్నయ్యా, ఇది నా మాట. ఆయన రెండు పూటలా అన్నం తింటున్నారు. — తాయారు


బొడ్డగొంది,
జులై 9.

బావా, చెల్లెమ్మా,

మీ ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. ఉత్తరం ఆలస్యమయింది, డ్రైవరు ఉద్యోగంలో చేరాక తీరిక లేదు.

బండి వచ్చిన రోజు ఆశాజ్యోతి అన్నది, "నన్నడక్కుండా ఏటిది?" అని ఆ ఒక్కమాట. రెండో రోజు వాసన వస్తోందని లోపలంతా నిమ్మ చెక్కలతో తోమించింది. తోమిస్తోందంటే ఒప్పుకున్నట్టేనని నేను గ్రహించి ఇంకో నాలుగు నిమ్మకాయలు తెచ్చిచ్చాను.

పోయిన వారం మూడు రోజులు వాన వదల్లేదు. నాలుగో రోజు అవతలి ఊళ్ళో టీకాలు. గెడ్డ ఎర్రగా పారుతోంది. జీపువాళ్ళు ఎప్పట్లాగే ఒడ్డున చుట్టలు కాలుస్తున్నారు. నేను దిగి కర్రతో లోతు చూసుకున్నాను, తొడ లోతు కూడా లేదు. ఎక్కి కూర్చున్నాను. ఆశాజ్యోతి డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మంచి చెయ్యి దానిమీద వేసి, కళ్ళు మూసుకుంది. పాడైన చెయ్యి నా మోకాలి మీద పెట్టింది. పెళ్ళయిన ముప్పైరెండేళ్ళలో మనుషులు చూస్తుండగా అలా చెయ్యి వెయ్యడం ఇదే.

మధ్యలో ముందు చక్రాలు జారాయి బావా. అప్పుడు వెనకనించి ఎవరో చెయ్యి వేసి నెట్టినట్టు ఒక్క తోపు, గర్రుమని నువ్వు చెప్పిన మోత. అవతలి ఒడ్డెక్కేశాం. నేను గట్టిగా స్తోత్రం అన్నాను. ఆశాజ్యోతి కళ్ళు తెరిచి, "అయిపోయిందా? మరి నడు, పిల్లలు కాసుకునుంటారు" అంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం, "ఆ షాఫ్టేదో ఎతికి పెట్టిన వొదినకి నా దండాలు రాయి" అంది. రాశాను.

జీపువాళ్ళు ఇప్పుడు నన్ను చూస్తే లేచి నిలబడుతున్నారు. నాకు గర్వం పెరగకుండా ప్రార్థించండి.

ఇక నీ సంగతి. నువ్వు బండిని పాసు చేశావు, నిన్నెవరు చెయ్యాలి? పన్నెండో తారీకు శనివారం కంటి ఆపరేషనుకి చెల్లెమ్మ రోజు తీసుకుందట, నాకు విడిగా రాసింది. ఆ రెండు రోజులకి డబ్బా మొయ్యడానికి మనిషిని కుదిర్చాను. బండేసుకుని నేనే వస్తున్నాను. డాక్టరుగారి మిషను సర్టిఫికెట్ నేను చూస్తాను. నువ్వు నోరు మూసుకుని పడుకో.

నీ
రత్నం


పెందుర్తి,
జులై 21.

బావా,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను, నా చేత్తో, ఒక కంటితో. రెండోది వచ్చే నెల. అక్షరాలు ఇంత వంకరగా రాస్తానని నాకు తెలియదు, ఇన్నాళ్ళూ అందరూ ఎలా భరించారో.

నువ్వు వెళ్ళిన దగ్గర్నించీ ఒకటి రాయాలని ఉంది. ఇంటికి తీసుకొచ్చాక కట్టు విప్పిన రోజు గుర్తుంది కదా, నువ్వు లోపల కాఫీ తాగుతున్నావు. నేను వాకిట్లో కుర్చీలో కూర్చున్నాను. ముందు తాయారుని చూశాను. జుట్టు ఇంత తెల్లబడిందని నాకెవరూ చెప్పలేదు. ఆవిణ్ణి అడిగితే "మీకు రిపోర్టు ఇవ్వాలా?" అంది. తర్వాత గేటు అవతల చూశాను. ఒక లేత నీలం బండి నిలబడి ఉంది. వాన వెలిసిన ఆకాశం రంగు. "ఎవరిదే ఆ బండి, మన గేటుకి అడ్డంగా పెట్టారు?" అన్నాను.

తాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. లేచి వెళ్ళాను. తలుపు కింద వంగి చూశాను. నా పసుపు గీతలు, వాటి పక్కన ఆవిడ పెట్టిన ఆకుపచ్చ గీత. కొంచెం వంకరగా ఉంది. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాను. నూకాలుగారు నీలాల బండి అన్నప్పుడల్లా నేను నవ్వుకున్నాను. మీరిద్దరూ ఇన్నాళ్ళూ తెలిసి తెలిసి నాకు చెప్పలేదు. కోపం తెచ్చుకుందామని గట్టిగానే ప్రయత్నించాను. రాలేదు బావా. ఏడుపొచ్చింది. కొత్త కంటికి తడి తగలకూడదని తాయారు మందలించింది.

తప్పు రిపోర్టు ఫైల్లో ఉండకూడదు. దీన్ని దానికి జతచెయ్యి. ముప్పైనాలుగేళ్ళలో నేను దిద్దిన మొదటి రిపోర్టు ఇది.

అంశం: ఏడు సీట్ల బండి, ఆల్ వీల్ డ్రైవ్.
చక్రాలు: నాలుగూ తిరుగుతాయి.
వాసన: చేప, కొంచెం నిమ్మ.
రంగు: బూడిద అని రాసింది కొట్టివేయడమైనది. నీలం.
చూసినవారు: తాయారు.
విన్నవాడు: కొండలరావు.